యూరియా ఆర్గానికే అయితే సేంద్రియ సేద్యంలో ఎందుకు వద్దంటారు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఇంటర్ కెమిస్ట్రీలో యూరియా ఆర్గానిక్ పదార్థం అని చదివాను. ఊళ్లో మా నాన్న ఆర్గానిక్ సేద్యంలోకి దిగగానే మొట్టమొదట మానేసింది ఆ యూరియానే. ఇప్పుడు నేను చదువుకుంటున్న జర్మనీలో అలాంటి కూరగాయల మీద ఆర్గానిక్ అనే మాటే కనిపించదు, 'బియో' అని ఉంటుంది. ఈ మాటకు అసలు అర్థం ఏది? ఎవరు చెప్పేది తప్పు?"

ఎవరిదీ తప్పు కాదండీ. మీ పుస్తకం సరిగ్గానే చెప్పింది, మీ నాన్నగారు సరిగ్గానే చేశారు, జర్మనీ కొట్టువాళ్లు రాసిందీ సరైనదే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిగ్గా చదవండి.

నేను డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లకు దగ్గరగా కెమిస్ట్రీ చెప్పాను, ఎక్కువగా తెలుగు మీడియం పిల్లలకు. ఒకసారి పర్యావరణం పేపరు దిద్దుతుంటే, సేంద్రియ ఎరువులకు ఉదాహరణలు రాయమన్న చోట ఒక కుర్రాడు "పశువుల పేడ, వేపపిండి, యూరియా" అని రాశాడు. మూడోది కొట్టేశాను. మర్నాడు వచ్చి, "సార్, ప్రయోగశాలలో తయారైన మొదటి సేంద్రియ పదార్థం యూరియా అని క్లాసులో మీరే చెప్పారు కదా" అన్నాడు. ఆ క్షణంలో వాడికి చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు. మార్కు ఇచ్చేశాను. ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకు అప్పటినుంచే అలవాటైంది.

గ్రీకులో 'ఓర్గనాన్' అంటే పనిముట్టు. గొడ్డలి, ఉలి, వీణలాంటి వాయిద్యం, ఏదైనా సరే, పని జరగడానికి చేతిలో ఉండే సాధనం. దీనికి చుట్టం 'ఎర్గాన్', అంటే పని. ఇంగ్లిష్ 'వర్క్', జర్మన్ 'వెర్క్' కూడా ఈ వంశంలోవే. మనకు తెలిసిన చాలా మాటలు ఇక్కడినుంచి వచ్చాయి. 'ఎనర్జీ' అంటే పనిలో ఉండటం. 'సర్జన్' అంటే చేత్తో పని చేసేవాడు. 'జార్జ్' అనే పేరుకు అర్థం నేల మీద పని చేసేవాడు, అచ్చంగా మన రైతు. 1894లో రాలీ, రామ్సే కనిపెట్టిన వాయువు దేనితోనూ కలవక ఊరికే కూర్చుంటుంది కాబట్టి దానికి 'పని లేనిది' అనే అర్థంలో ఆర్గాన్ అని పేరు పెట్టారు. అంటే ఆర్గానిక్, ఆర్గాన్ అక్కాచెల్లెళ్లే. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీల పిల్లలు కూడా తలెత్తి వినేవారు.

ఈ పనిముట్టు అనే అర్థంలోంచే 'ఆర్గానిక్' అనే విశేషణం పుట్టింది. ఆ రోజుల్లో దాని అర్థం 'పనిముట్లకు సంబంధించిన' అని. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం పదో భాగంలో యంత్రానికీ పనిముట్టుకూ తేడా చెబుతాడు: చాలామంది బలం పెడితే కదిలేది యంత్రం, ఒక్క మనిషి నేర్పుతో చేయి వేస్తే పని చేసేది ఓర్గనుం. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి బాణాలు విసిరే సాధనం! అంటే ఇవాళ మనం యాంత్రికం అనేదానికీ అప్పటి ఆర్గానిక్‌కూ దూరం పెద్దగా లేదు. ప్రాణం ఉన్నది, సహజమైనది అనే వాసన కూడా ఆ మాటకు అప్పటికి అంటలేదు.

పనిముట్లలో ఒకటి అన్నిటినీ మించి పేరు తెచ్చుకుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ నీటి ఒత్తిడితో గొట్టాల్లోకి గాలి పంపి స్వరాలు పలికించాడు. తర్వాత చర్చిల్లోకి చేరిన ఆర్గన్ వాయిద్యానికి మూలం అదే. అందుకే యూరప్ భాషల్లో ఈ మాటకు రెండు సంతానాలున్నాయి, ఒకటి వాయిద్యం, రెండోది శరీర భాగం. ఇంగ్లిష్, ఇటాలియన్, స్పానిష్ రెంటినీ ఒకే మాటతో పిలుస్తాయి. జర్మన్ విడదీసింది: వాయిద్యం 'ఓర్గెల్', అవయవం 'ఓర్గాన్'. ఫ్రెంచ్ కూడా అంతే, 'ఓర్గ్' వేరు, 'ఓర్గాన్' వేరు. రష్యన్‌లో అక్షరాలన్నీ ఒకటే గానీ ఊనిక మారుతుంది. మొదటి అక్షరం మీద ఊనితే కాలేయమో గుండెకాయో, రెండో దాని మీద ఊనితే చర్చి వాయిద్యం.

శరీర భాగం అన్న అర్థం గట్టిపడటంలో అరిస్టాటిల్ పాత్ర పెద్దది. కన్ను చూడటానికి సాధనం, చేయి పట్టుకోవడానికి సాధనం. ఆత్మ గురించి రాసిన గ్రంథంలో ఆయన ప్రాణి దేహాన్ని 'ఓర్గనికాన్' అంటాడు. సాధనాలు అమర్చి ఉన్నది, లేదా తానే సాధనంగా పనికొచ్చేది అని దాన్ని రెండు రకాలుగా వ్యాఖ్యానిస్తారు. ఎలా తీసుకున్నా పోలిక పనిముట్టుతోనే. కానీ పనిముట్టు అనే మాట ఒకసారి దేహంలోకి వచ్చాక, మెల్లగా దేహం లక్షణాలన్నీ ఆ మాటకే అంటుకున్నాయి.

18వ శతాబ్దం చివరికి వచ్చేసరికి మాట పూర్తిగా అటు తిరిగిపోయింది. 1790లో జర్మన్ తత్వవేత్త కాంట్ ఒక తేడా చూపించాడు. గడియారంలో ఒక చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అంతే. దాన్ని తయారు చేయదు, పాడైతే బాగు చేయదు. చెట్టు అలా కాదు. ఆకును చెట్టు పెంచుతుంది, చెట్టును ఆకు పోషిస్తుంది. ప్రతి భాగమూ మిగతా వాటికి సాధనమే, మిగతావన్నీ దానికి సాధనాలే. అలాంటి దాన్ని 'ఓర్గనిజీర్ట్', అంటే అవయవాలుగా అమరినది అన్నాడు. జర్మన్ కవులు, విమర్శకులు దీన్ని అందుకుని మంచి కావ్యం ఆర్గానిక్‌గా ఉంటుంది, చెడ్డది మెకానికల్‌గా ఉంటుంది అనడం మొదలుపెట్టారు. ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ ఆ మాటను తన భాషలోకి తీసుకెళ్లాడు. ఒకప్పుడు పనిముట్లతో చేసేదాన్ని చెప్పిన విశేషణం యంత్రానికే ఎదురు నిలబడింది. నన్ను అడిగితే ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే, కెమిస్ట్రీలో వచ్చిన మలుపు కూడా దీని తర్వాతే లెక్క.

ఇక కెమిస్ట్రీ సంగతి. 1675లో పారిస్‌లో నికొలా లెమెరీ తన పాఠ్యగ్రంథంలో పదార్థాలను ఖనిజాలు, వృక్ష పదార్థాలు, జంతు పదార్థాలు అని మూడుగా పెట్టాడు. కాలక్రమంలో చివరి రెండూ ఒక గూటికి చేరాయి, ఎందుకంటే రెండూ అవయవాలున్న జీవులనుంచి వచ్చేవే. 19వ శతాబ్దం మొదటి పదేళ్లలో స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ ఆ గూటి శాస్త్రాన్ని 'ఓర్గానిస్క్ కెమి' అన్నాడు. చక్కెర, నూనె, మూత్రంలో దొరికే యూరియా ఇవన్నీ ప్రాణి దేహంలోనే తయారవుతాయి, అక్కడ ఏదో జీవశక్తి పని చేస్తుంది, గాజు కుప్పెలో అది సాధ్యం కాదు అన్నది అప్పటి నమ్మకం. కాబట్టి బెర్జీలియస్ నోట్లో ఆర్గానిక్ అంటే జీవినుంచి వచ్చినది. దాని ఎదురు మాట ఖనిజం. ఈ అర్థాన్ని గుర్తు పెట్టుకోండి, మీ నాన్నగారి పొలం దగ్గర మళ్లీ కావాలి.

1828లో బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ వోలర్ అమ్మోనియం సయనేట్ తయారు చేయబోయాడు. సిల్వర్ సయనేట్‌ను నవసాగరంతో కలిపితే వచ్చిన తెల్లటి స్ఫటికాలు అమ్మోనియం సయనేట్‌లా ప్రవర్తించలేదు. పరీక్షించి చూస్తే అవి అచ్చంగా మూత్రంలోంచి తీసిన యూరియానే. వోలర్ అంతకుముందు స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ గురువుకే ఫిబ్రవరిలో ఉత్తరం రాశాడు: మూత్రపిండాల అవసరం లేకుండా, మనిషీ కుక్కా ఎవరూ అక్కర్లేకుండా నేను యూరియా చేయగలను అని. మన పుస్తకాల్లో ఆ ఒక్క రోజుతో జీవశక్తి సిద్ధాంతం కూలిపోయిందని రాస్తారు గానీ అది నిజం కాదు. వోలర్ వాడిన సయనేట్‌కు మూలం కూడా జంతు పదార్థాలే కదా అని వాదించడానికి వీలుంది. 1845లో కోల్బె ఎసిటిక్ ఆసిడ్ చేశాక, 1860 నాటికి బెర్తెలో ఫ్రాన్స్‌లో ఇలాంటి పదార్థాలను ఒకదాని తర్వాత ఒకటి కుప్పెలో చేసి చూపించాక గానీ ఆ నమ్మకం సద్దుమణగలేదు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. జీవినుంచి వచ్చేది ఆర్గానిక్ అన్న గీత చెరిగిపోయింది, శాస్త్రం మాత్రం మిగిలింది. పేరు మార్చలేదు, అర్థం మార్చారు. అదే కాలంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకులే తన పాఠ్యగ్రంథంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే కార్బన్ సమ్మేళనాల శాస్త్రం అని తేల్చేశాడు. అప్పటినుంచి పెట్రోలు ఆర్గానిక్, పాలిథిన్ సంచి ఆర్గానిక్, పురుగుమందుల్లో చాలావరకు ఆర్గానిక్. మరి కార్బన్ ఉన్నా సున్నపురాయిని, కార్బన్ డయాక్సైడ్‌ను పాత అలవాటు కొద్దీ ఖనిజాల వైపే ఉంచారు. గీత పూర్తిగా తర్కబద్ధం కాదు, చరిత్రకు కట్టుబడినది.

మీ నాన్నగారి మాట ఇంకో దారిలో వచ్చింది. 1940లో ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ అనే ఆయన వ్యవసాయం మీద రాసిన పుస్తకంతో 'ఆర్గానిక్ సేద్యం' అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. 1942లో అమెరికాలో రోడేల్ ఆ పేరుతోనే పత్రిక పెట్టాడు. చాలామంది అనుకున్నట్టు కెమికల్స్ లేనిది అనే అర్థంతో నార్త్‌బోర్న్ మొదలుపెట్టలేదు. పొలం మొత్తం ఒక దేహం అన్నాడు. నేల, పశువు, పంట, రైతు అందులో అవయవాలు, ఒకదాని వ్యర్థం ఇంకొకదానికి తిండి. బయటినుంచి బస్తాల్లో కొని తెచ్చి పోస్తే ఆ దేహం తన పని తాను చేసుకోవడం మానేస్తుంది. ఇది కాంట్ చెప్పిన చెట్టూ ఆకూ సంబంధమే. బెర్జీలియస్ వైపునుంచి వచ్చింది కాదు.

ఇంగ్లిష్ ఆ మాట పట్టుకుంది గానీ మిగతా యూరప్ పట్టుకోలేదు. జర్మన్ మాట్లాడే చోట అప్పటికే వేరే ఒరవడి ఉంది. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ కోబర్‌విట్స్‌లో, ఇప్పుడు అది పోలండ్‌లో ఉంది, ఇచ్చిన ఉపన్యాసాలనుంచి 'బయోడైనమిక్' సేద్యం పుట్టింది. స్విట్జర్లాండ్‌లో ముల్లర్ దంపతులు 'ఓర్గానిష్-బియోలోగిష్' అని రెండు మాటలూ కలిపి వాడిన పద్ధతి నడిపారు. చివరికి 'బియోలోగిష్' నిలిచి, నోటికి తేలికగా 'బియో' అయింది. ఇవాళ మీరు బెర్లిన్ సంతలో 'ఓర్గానిష్' కూరగాయలు కావాలని అడిగితే వాళ్లకు అర్థమవుతుంది కానీ వింతగా వినిపిస్తుంది. అదే పశువుల ఎరువును మాత్రం 'ఓర్గానిష్' ఎరువు అనే అంటారు, దానికి ఎదురు మాట 'మినరాలిష్'. ఇంకో విశేషం, అక్కడ బస్తా యూరియాను మినరల్ ఎరువుల్లో లెక్కేస్తారు. జర్మన్‌లో యూరియా పేరేమో 'హార్న్‌ష్టోఫ్', మూత్రపదార్థం. కెమిస్ట్రీలో ఆర్గానిక్, ఎరువుల కొట్లో ఖనిజం, పేరులో మూత్రం! మా కుర్రాడు ఒక్కడే కాదు, భాష మొత్తం ఆ పదార్థం దగ్గర తడబడింది.

1991లో యూరోపియన్ కమ్యూనిటీ (నేటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) సేంద్రియ ఉత్పత్తులకు తొలి చట్టం చేసింది, దాని సంఖ్య 2092/91. ఏ మాట రాస్తే జనం ఈ పద్ధతిలో పండించిందని నమ్ముతారో దాన్ని చట్టం కాపాడాలి కదా. ఒకే మాట అన్ని భాషల్లోనూ పనికి రాదు. అందుకే ఒక్కో భాషకు ఒక్కో మాట జాబితాగా రాశారు. ఇంగ్లిష్‌కు 'ఆర్గానిక్'. ఫ్రెంచ్, ఇటాలియన్, డచ్, పోర్చుగీస్, గ్రీకు భాషలకు 'బయలాజికల్' కుటుంబం. స్పానిష్, డేనిష్, జర్మన్ భాషలకు 'ఎకలాజికల్' కుటుంబం, జర్మన్‌లో ఆ మాట 'ఓకోలోగిష్', వాడుకలో మాత్రం 'బియో'నే నిలిచింది. పక్కపక్కనే ఉన్న స్పెయిన్, పోర్చుగల్ కూడా కలవలేదు. బయాలజీ అనే మాట 1800 ప్రాంతంలో స్థిరపడింది, ఎకాలజీని జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ 1866లో గ్రీకు 'ఇల్లు' అనే మాటనుంచి కట్టాడు. గ్రీకుల సంగతి మరీ ముచ్చట. 'ఓర్గనాన్' పుట్టిల్లు వాళ్లదే, ఆర్గానిక్ కెమిస్ట్రీకి ఆ మాటే వాడుతున్నారు, కానీ టొమాటోల దగ్గరికి వచ్చేసరికి 'వియోలోగికో' అంటున్నారు.

గ్రీకు మాటను అరువు తెచ్చుకోని భాషలు కొన్ని ఉన్నాయి, నాకు అవంటే ప్రత్యేకమైన ఇష్టం. ఐస్‌లాండిక్‌లో ఆర్గానిక్ అంటే 'లీవ్రైన్', అందులో 'లీవ్' అంటే జీవం. కెమిస్ట్రీకీ కూరగాయలకూ అదే. ఫిన్లాండ్‌లో సేద్యానికి 'లువోము' అంటారు. ప్రకృతికి అనుగుణమైన అనే పొడుగాటి మాటను కత్తిరించి చేసుకున్నది అది. మన దగ్గర ప్రకృతి వ్యవసాయం అనే మాటకు దగ్గరి బంధువు. హంగేరియన్‌లో అవయవానికి 'సెర్వ్' అనే మాట కట్టుకున్నారు, అదీ పనిముట్టు అనే అర్థమున్న 'సెర్' నుంచే. గ్రీకు నడిచిన దారిలో వాళ్లూ నడిచారన్నమాట. ఆర్గానిక్ కెమిస్ట్రీకి 'సెర్వెష్', అంటే అవయవం ఉన్నది. ఇనార్గానిక్‌కు 'సెర్వెత్లెన్', అవయవం లేనిది.

ఇప్పుడు మన 'సేంద్రియ', 'నిరింద్రియ' చూడండి. స-ఇంద్రియ, ఇంద్రియాలతో కూడినది. నిర్-ఇంద్రియ, అవి లేనిది. హంగేరియన్ వాళ్లూ మనమూ ఒకరినొకరు చూడకుండా ఒకే అచ్చులో పోశాం. అయితే మన మాట ఆధునిక కాలంలో కొత్తగా పుట్టిందేమీ కాదు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే "సేంద్రియం చేతనం ద్రవ్యం, నిరింద్రియమచేతనం" అని ఉంది. ఇంద్రియాలున్న ద్రవ్యం చేతనం, లేనిది అచేతనం. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లకు తయారుగా ఉన్న జంట మాటలు దొరికాయి. చరకుడి ఇంద్రియం తెలుసుకునే సాధనం, గ్రీకు ఓర్గనాన్ పని చేసే సాధనం. పోలికలో ఆ చిన్న తేడా ఉంది, మిగతాదంతా అద్భుతంగా కుదిరింది.

కెమిస్ట్రీలో తర్వాత 'కర్బన రసాయన శాస్త్రం' అనే మాట బలపడింది. కెకులే ఇచ్చిన నిర్వచనానికి ఇది నేరుగా సరిపోతుంది కాబట్టి చాలా మంచి పని అంటాను. సేంద్రియ అనే మాటను సేద్యానికి వదిలేసి, కెమిస్ట్రీకి కర్బన వాడితే మా కుర్రాడి లాంటి వాళ్లకు పరీక్షలో టెన్షన్ ఉండదు. హిందీ వాళ్లు ఆ పని చేశారు: రసాయనానికి 'కార్బనిక్', సేద్యానికి 'జైవిక్'. ఫ్రెంచ్ వాళ్ల 'బియోలోజిక్' లాంటిదే ఆ జైవిక్. మనవాళ్లు మాత్రం నేలలో సారం గురించి చెప్పేటప్పుడు 'సేంద్రియ కర్బనం' అని రెండూ కలిపి వాడుతున్నారు. అక్కడ అది అవసరమే, ఎందుకంటే నేలలో సున్నం రూపంలో ఉండే కర్బనం వేరు, కుళ్లిన ఆకులూ వేళ్లూ ఇచ్చే కర్బనం వేరు.

మిగతా వాడుకలు చెప్పి ముగింపుకు వస్తాను. డాక్టరు 'ఆర్గానిక్' జబ్బు అంటే అవయవంలోనే లోపం కనిపిస్తోందని, దానికి ఎదురు 'ఫంక్షనల్', అంటే అవయవంలో లోపం కనిపించకుండా పనితీరులో తేడా. ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో 'ఆర్గానిక్ చట్టం' అంటే రాజ్యాంగం కిందనే ఉండి ప్రభుత్వ అంగాలు, ప్రాథమిక హక్కులలాంటివి చూసే ప్రత్యేక తరగతి చట్టం. ఇటలీలో 'ఓర్గానికో' అని ఒక ఆఫీసు గురించి అన్నారంటే అక్కడి సిబ్బంది సంఖ్య, చెత్తబుట్ట మీద రాశారంటే కూరగాయల తొక్కలు. ఎక్కడ ఈ విశేషణం కనిపించినా నేను మొదట వెతికేది దాని ఎదురు మాటను. కెమిస్ట్రీలో ఎదురుగా ఉన్నది ఖనిజం, వైద్యంలో ఫంక్షనల్, కవిత్వంలో మెకానికల్, ఇవాళ్టి పొలంలో సింథటిక్. ఎదురు మాట తెలిస్తే అక్కడి అర్థం దానంతటదే తెలిసిపోతుంది.

ఇక మీ నాన్నగారి పొలం. ఆయన వాడే జీవామృతంలో గోమూత్రం ఉంటుంది కదా. ఆవు మూత్రంలోని నత్రజనిలో పెద్ద భాగం యూరియా రూపంలోనే ఉంటుంది. ఆ అణువుకూ బస్తాలోని అణువుకూ ఏ తేడా లేదని వోలర్ ఎప్పుడో చూపించాడు. సేద్యం నిబంధన అణువు ఏమిటి అని అడగదు, ఎక్కడినుంచి, ఎలా వచ్చింది అని అడుగుతుంది. బస్తాలోది సహజవాయువుతో చేసిన అమ్మోనియానుంచి, కార్బన్ డయాక్సైడ్‌నుంచి ఫ్యాక్టరీలో తయారైంది, 46 శాతం నత్రజనితో పంటకు నేరుగా వడ్డించేది. ఆవుది పొలం తిరుగుడులో భాగం. ఒక రకంగా సేద్యంవాళ్లు 1828కి ముందున్న బెర్జీలియస్ గీతనే మళ్లీ గీశారు, కాకపోతే వాళ్లకు కావలసింది నేల ఆరోగ్యం, జీవశక్తి కాదు.

జర్మనీలో 'బియో' ద్రాక్షపండ్లు కొన్నా అంతే. యూరప్ నిబంధనల్లో రాగి లవణాలకు పరిమితితో అనుమతి ఉంది, హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి మించకూడదు. అంటే మన రైతులకు బాగా తెలిసిన బోర్డో మిశ్రమం, మైలుతుత్తం సున్నం కలిపి చేసేది, కెమిస్ట్రీ ప్రకారం పక్కా ఇనార్గానిక్, అయినా బియో తోటలో చల్లవచ్చు. పక్క తోటలో చల్లే సింథటిక్ మందు కెమిస్ట్రీ ప్రకారం ఆర్గానిక్, అయినా చల్లకూడదు. పొట్లం మీద నక్షత్రాలతో గీసిన ఆకుపచ్చ ఆకు గుర్తు ఉందో లేదో చూసుకోండి, మాట ఏ భాషలో ఉన్నా నిబంధన అదే.